బాలానగర్ సర్వర్‌కు ఆర్‌పీఎం: పోస్ట్‌గ్రెస్‌ను సోర్స్ నుంచి ప్యాకేజీ దాకా తీసుకెళ్లడం

ప్రశ్న: నమస్తే అండీ. మాది కూకట్‌పల్లి. నలుగురం కలిసి చిన్న ఫ్యాక్టరీలకు స్టాకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తుంటాం. బాలానగర్‌లో మొదటి ఫ్యాక్టరీకి పెట్టినప్పుడు, బ్లాక్ సైజు (డేటాను డిస్కు మీద దాచే ముక్క కొలత) పెంచితే రిపోర్టులు త్వరగా వస్తాయని ఎవరో చెబితే, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 17వ వెర్షన్‌ని 16 కేబీ బ్లాకుతో కంపైల్ చేసి సర్వర్ మీదే మేక్ ఇన్‌స్టాల్ కొట్టేశాం. ఆరు నెలలుగా నడుస్తోంది. ఇప్పుడు జీడిమెట్ల, చర్లపల్లి, పటాన్‌చెరుల్లో ఇంకో మూడు ఫ్యాక్టరీలు వచ్చాయి. అన్నిచోట్లా రాకీ లైనక్స్ 9, ఎక్కడా ఇంటర్నెట్ ఉండదు. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు లైనక్స్ 24.04 ఉంది. అందులో కంపైల్ చేసి ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో జీడిమెట్ల పట్టుకెళ్తే ‘జీలిబ్‌సీ 2.38 నాట్ ఫౌండ్’ అంది. సరే అని అక్కడే కంపైల్ చేస్తే, సర్వీస్ స్టార్ట్ చేసిన ఒకటిన్నర నిమిషానికి దానంతటదే ఆగిపోతోంది. చేత్తో నడిపితే మాత్రం బాగానే నడుస్తోంది. ఏ క్వెరీకి ఎంత సమయం పడుతోందో చూపే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్ కూడా కనబడట్లేదు. బాలానగర్‌లో రెడీమేడ్ ప్యాకేజీ వేద్దామంటే అది పాత డేటాను తెరవట్లేదు. ఆర్‌పీఎం (రాకీలో వేసుకునే ప్యాకేజీ ఫైలు) ఎలా చెయ్యాలో మొదటి నుంచి చెప్తారా?

సమాధానం: కొత్త మూడు ఫ్యాక్టరీలకు మీరు కంపైల్ చెయ్యనక్కర్లేదు. ముందు అది తేల్చుకుంటే పని నాలుగో వంతుకు దిగుతుంది. పోస్ట్‌గ్రెస్ వాళ్ల ప్యాకేజీల నిల్వ అయిన పీజీడీజీ రిపోజిటరీలో రాకీ 9కి సరిపోయే ఆర్‌పీఎంలు సిద్ధంగా ఉంటాయి. నెట్ ఉన్న ఒక రాకీ 9 మెషీన్‌లో సర్వర్, కాంట్రిబ్ (అదనపు ఎక్స్‌టెన్షన్లు), లిబ్స్ (లైబ్రరీలు) ప్యాకేజీలను ‘డీఎన్‌ఎఫ్ డౌన్‌లోడ్’ కమాండ్‌తో దించండి. దానికి రిసాల్వ్, ఆల్‌డెప్స్ ఆప్షన్లు ఇస్తే అవి ఆధారపడే ప్యాకేజీలు కూడా కలిసి వస్తాయి. ఆ ఫోల్డర్‌లో ‘క్రియేట్‌రెపో సీ’ నడిపి పెన్‌డ్రైవ్‌కు ఎక్కిస్తే, అదే ఫ్యాక్టరీలో మీ రిపోజిటరీ. రాకీ సొంత పోస్ట్‌గ్రెస్ మాడ్యూల్ అడ్డు రాకుండా దాన్ని ముందే డిజేబుల్ చెయ్యండి.

ఇక 16 కేబీ సంగతి. స్టాకు రిపోర్టులు నెమ్మదిగా వస్తున్నాయంటే చాలాసార్లు షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ డేటాను ఉంచుకునే మెమరీ) డిఫాల్ట్ 128 ఎంబీ దగ్గరే ఉండిపోవడమో, తేదీ మీద ఇండెక్స్ లేకపోవడమో కారణం. బ్లాక్ సైజు దాకా వెళ్లాల్సిన అవసరం ఇలాంటి చోట్ల దాదాపు రాదు. పైగా దానికి కట్టే మూల్యం పెద్దది. బ్లాక్ సైజు డేటా ఫైళ్ల ఆకారంలోనే ఉంటుంది కాబట్టి 8 కేబీతో కట్టిన ఏ సర్వరూ ఆ డేటాను తెరవదు. మీకు బాలానగర్‌లో వచ్చిన ఎర్రర్ ఇదే: క్లస్టర్ (డేటా ఫోల్డర్) 16384తో మొదలైంది, సర్వర్ 8192తో కంపైల్ అయింది, మళ్లీ కంపైల్ అయినా చెయ్యండి, ఇనిట్‌డీబీ (కొత్త ఖాళీ డేటా ఫోల్డర్ సృష్టించడం) అయినా చెయ్యండి అంటుంది. 8 కేబీ సర్వర్‌కు ‘పీజీ అప్‌గ్రేడ్’ పరికరంతో మారడం కుదరదు, డేటా ఫైళ్లను ఉన్నదున్నట్టు నకలు చేసే ఫిజికల్ రెప్లికేషన్ కూడా కుదరదు. కొత్త చోట్లన్నీ 8 కేబీతోనే పెట్టండి.

బాలానగర్ విషయంలో మాత్రం వేరే దారి లేదు. డంప్ (డేటా మొత్తాన్ని ఫైల్లోకి రాసిన బ్యాకప్) తీసి 8 కేబీలోకి మార్చే రోజు వచ్చేదాకా అక్కడ 16 కేబీ పోస్ట్‌గ్రెస్ నడవాల్సిందే, సెక్యూరిటీ అప్‌డేట్లూ పడాల్సిందే. పోస్ట్‌గ్రెస్ చిన్న వెర్షన్లు మామూలుగా ఏడాదికి నాలుగుసార్లు వస్తాయి: ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో రెండో గురువారం. ఏడాదికి నాలుగుసార్లు ఫ్యాక్టరీకి వెళ్లి, ప్రొడక్షన్ సర్వర్‌లో కంపైలర్ నడిపి, పోయినసారి ఏ ఆప్షన్లు ఇచ్చామో గుర్తు చేసుకోవడం జరిగే పని కాదు. ప్యాకేజీ అందుకే కావాలి. ఆప్షన్లన్నీ, ప్యాకేజీ ఎలా కట్టాలో చెప్పే స్పెక్ ఫైల్లో రాసి ఉంటాయి, మీ నలుగురిలో ఎవరు కట్టినా అదే వస్తుంది, తేడా వస్తే వెనక్కి వెళ్లడం ఒక్క కమాండ్.

జీడిమెట్లలో వచ్చిన మూడు తంటాల కారణాలు తెలిస్తే స్పెక్ రాయడం తేలిక.

జీలిబ్‌సీ గొడవ: జీలిబ్‌సీ అంటే ఈ లైనక్స్‌లలో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ. ఉబుంటు 24.04లో ఉన్నది జీలిబ్‌సీ 2.39, రాకీ 9లో 2.34. పాతదాని మీద కంపైల్ చేసింది కొత్తదాని మీద నడుస్తుంది కానీ తిరగేస్తే నడవదు. ఇక్కడ 2.38 అనే అంకె ఎందుకొచ్చిందో కూడా చెప్పుకోవచ్చు. స్ట్రింగ్ కాపీ చేసే ‘స్ట్రెల్‌సీపీవై’ ఫంక్షన్ జీలిబ్‌సీలోకి 2.38తోనే వచ్చింది. కంపైల్‌కు ముందు నడిపే పోస్ట్‌గ్రెస్ ‘కాన్ఫిగర్’ స్క్రిప్టు అది సిస్టమ్‌లో ఉందేమో చూస్తుంది. ఉంటే దాన్నే వాడుతుంది, లేకపోతే తన సొంత కాపీ కలుపుకుంటుంది. ఉబుంటులో దొరికింది కాబట్టి వాడేసింది. అంటే కాన్ఫిగర్ చూసేది తను నడుస్తున్న మెషీన్‌నే. రేపు ఆ బైనరీ ఎక్కడికి వెళ్తుందో దానికి తెలియదు. అందుకే నడవబోయే ఓఎస్ ఏదో కంపైల్ చేసే ఓఎస్ కూడా అదే కావాలి. అలాగే సీఫ్లాగ్స్‌లో (కంపైలర్‌కు ఇచ్చే ఆప్షన్లలో) ‘మార్చ్ నేటివ్’ పెట్టకండి. కొత్త ల్యాప్‌టాప్ సీపీయూ సూచనలు ఫ్యాక్టరీలోని పాత సీపీయూకి తెలియకపోతే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని పడిపోతుంది.

ఒకటిన్నర నిమిషం: సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ డిఫాల్ట్‌గా సర్వీస్ లేచేందుకు ఇచ్చే గడువు 90 సెకన్లు. సర్వీస్‌ను ఎలా నడపాలో రాసే మీ యూనిట్ ఫైల్లో టైప్ దగ్గర ‘నోటిఫై’ అని ఉండి ఉంటుంది. అంటే ‘నేను సిద్ధం’ అని పోస్ట్‌గ్రెస్ చెప్పేదాకా సిస్టమ్‌డీ ఎదురు చూస్తుంది. ‘విత్ సిస్టమ్‌డీ’ ఆప్షన్ లేకుండా కట్టిన పోస్ట్‌గ్రెస్‌కు ఆ మాట చెప్పడం రాదు. లోపల సర్వర్ చక్కగా నడుస్తూనే ఉంటుంది. 90 సెకన్లయ్యాక గడువు దాటిందని సిస్టమ్‌డీ దాన్ని ఆపేస్తుంది. చేత్తో నడిపితే బాగుండటానికి కారణం అదే. సిస్టమ్‌డీ లాగ్ అయిన జర్నల్‌లో ‘రిజల్ట్ టైమ్‌అవుట్’ అని కనబడితే ఇక అనుమానం లేదు.

ఎక్స్‌టెన్షన్ కనబడకపోవడం చిన్న సంగతి. ఉత్త ‘మేక్’ కొడితే కాంట్రిబ్ ఫోల్డర్ కట్టదు. ‘మేక్ వరల్డ్-బిన్’, ఆ తర్వాత ‘ఇన్‌స్టాల్-వరల్డ్-బిన్’ వాడండి. చివర బిన్ లేకుండా ‘వరల్డ్’ అంటే డాక్యుమెంటేషన్ కూడా కట్టబోతుంది, దానికి డాక్‌బుక్ సరంజామా అంతా అడుగుతుంది.

ఇప్పుడు కట్టడం మొదలుపెడదాం. ఆప్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాం. టైప్ చేసేటప్పుడు ముందు రెండు అడ్డగీతలు, మాటల మధ్య ఒక అడ్డగీత, విలువ ఉంటే (బ్లాక్‌సైజ్‌కు 16 లాంటిది) దాని ముందు సమాన గుర్తు పెట్టుకోండి. ఆర్, బీఏ ఆప్షన్లకు మాత్రం ముందు ఒక్క గీతే.

ల్యాప్‌టాప్‌లో ఉబుంటు తీసెయ్యక్కర్లేదు. కంటైనర్లు నడిపే పాడ్‌మ్యాన్ వేసి రాకీ లైనక్స్ 9 కంటైనర్ (ఉబుంటు మీదే విడిగా నడిచే రాకీ వాతావరణం) తెరిస్తే లోపలి జీలిబ్‌సీ రాకీదే అవుతుంది. లోపల మొదట చేయాల్సింది ‘బిల్డర్’ అనే మామూలు యూజర్‌ను సృష్టించడం. పోస్ట్‌గ్రెస్ సర్వర్, ఇనిట్‌డీబీ రెండూ రూట్‌గా నడవవు, అందువల్ల పరీక్షలు నడిపే ‘మేక్ చెక్’ కూడా రూట్‌గా సాగదు. కంటైనర్‌లోకి మీరు రూట్‌గానే దిగుతారు కాబట్టి చాలామంది ఇక్కడే ఆగి తల పట్టుకుంటారు.

అదనపు డెవలపర్ ప్యాకేజీలుండే సీఆర్‌బీ రిపోజిటరీ ఎనేబుల్ చేసి ఇవి వెయ్యండి: జీసీసీ, మేక్, బైసన్, ఫ్లెక్స్, పెర్ల్, ఆర్‌పీఎం-బిల్డ్, ఆర్‌పీఎం డెవ్‌టూల్స్. వాటితో పాటు రీడ్‌లైన్, జెడ్‌లిబ్, లిబ్‌ఐసీయూ, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, సిస్టమ్‌డీ, ఎల్‌జెడ్4, లిబ్‌జెడ్‌ఎస్‌టీడీల డెవెల్ ప్యాకేజీలు (కంపైల్‌కు కావలసిన ఫైళ్లుండేవి). బైసన్, ఫ్లెక్స్, పెర్ల్ తప్పనిసరి. వెర్షన్ 16 దాకా టార్‌బాల్‌లో (సోర్స్ కోడ్ మూటలో) ఆ పరికరాలు తయారుచేసే ఫైళ్లు ముందే ఉండేవి, 17 నుంచి ఉండట్లేదు. పెర్ల్ విషయంలో ఒక మెలిక ఉంది. కంటైనర్‌లో పెర్ల్ ఇంటర్‌ప్రెటర్ ప్యాకేజీ ఒక్కటే ఉంటే ‘ఫైండ్‌బిన్ దొరకలేదు’ అని మధ్యలో ఆగుతుంది. ‘పెర్ల్’ అనే పూర్తి ప్యాకేజీ వేస్తే సరిపోతుంది. ‘రీడ్‌లైన్ లైబ్రరీ నాట్ ఫౌండ్’ అని వచ్చినప్పుడు కాన్ఫిగర్ తనే ‘వితవుట్ రీడ్‌లైన్’ అనే దారి చూపిస్తుంది. ఆ దారిన పోవద్దు. బాణం గుర్తు నొక్కితే పాత కమాండ్ రాని పీఎస్‌క్యూఎల్‌తో (డేటాబేస్‌కు కమాండ్లు ఇచ్చే క్లయింట్‌తో), రాత్రి షిఫ్టులో సమస్య వచ్చినప్పుడు నరకం కనబడుతుంది. డెవెల్ ప్యాకేజీ వేసి మళ్లీ నడపండి. ఐసీయూ (అక్షర క్రమం చూసే లైబ్రరీ) కూడా తియ్యకండి. 16 నుంచి అది డిఫాల్ట్‌గా కలుస్తుంది. పాత డేటాబేస్‌లో ఎక్కడైనా ఐసీయూ కొలేషన్ (అక్షర క్రమపు నియమం) వాడి ఉంటే, ఐసీయూ లేకుండా కట్టిన సర్వర్ దాన్ని ముట్టుకోలేదు.

టార్‌బాల్‌తో పాటు ఫైలు చెడిపోలేదని సరిచూసే దాని ఎస్‌హెచ్‌ఏ256 ఫైలు కూడా దించి, సరిచూశాకే విప్పండి.

ఆప్షన్లు ఊహించి రాయకండి. బాలానగర్‌లో నడుస్తున్న పోస్ట్‌గ్రెస్‌నే అడగండి. దాని బిన్ ఫోల్డర్‌లోని ‘పీజీ కాన్ఫిగ్’కు ‘కాన్ఫిగర్’ ఆప్షన్ ఇస్తే ఆరు నెలల కింద మీరు ఇచ్చిన ఆప్షన్లన్నీ అక్షరం పొల్లుపోకుండా చెప్తుంది. దాన్ని కాగితం మీద రాసుకుని, దానికి ఇవి కలపండి: విత్ బ్లాక్‌సైజ్ 16, విత్ సిస్టమ్‌డీ, విత్ ఎస్‌ఎస్‌ఎల్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, విత్ ఎల్‌జెడ్4, విత్ జెడ్‌ఎస్‌టీడీ. ‘ఎనేబుల్ సీఅసర్ట్’ ఉంటే తీసెయ్యండి. అది డెవలపర్ల తనిఖీ కోసం ఉన్నది, ప్రొడక్షన్‌లో వేగాన్ని బాగా దెబ్బతీస్తుంది.

ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ అయ్యే ఫోల్డర్) జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఆప్ట్ ఫోల్డర్ కింద ‘పీజీఎస్‌క్యూఎల్-17-16కె’ అని పెట్టండి. దారిలో పీజీఎస్‌క్యూఎల్ అనో పోస్ట్‌గ్రెస్ అనో లేకపోతే, షేర్, ఈటీసీ లాంటి కొన్ని ఫోల్డర్ల కింద ఇన్‌స్టాల్ తనంతట తనే ఇంకో ‘పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్’ ఫోల్డర్ కలుపుతుంది. ఫైళ్లు అనుకున్న చోట కనబడక స్పెక్ తడబడుతుంది. ‘డిజేబుల్ ఆర్‌పాత్’ ఇవ్వకండి. సొంత ఫోల్డర్‌లో ఉండే పోస్ట్‌గ్రెస్‌కు ఆర్‌పాత్ (లైబ్రరీ ఎక్కడుందో బైనరీలో రాసిన దారి) ఉంటేనే దాని పీఎస్‌క్యూఎల్ దాని క్లయింట్ లైబ్రరీ అయిన లిబ్‌పీక్యూనే పట్టుకుంటుంది. లేకపోతే రాకీలోని పాత లిబ్‌పీక్యూ దొరికి ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అంటుంది, లేదా ఏదీ దొరక్క ‘లిబ్‌పీక్యూ.ఎస్‌ఓ.5 తెరవలేకపోయా’ అంటుంది.

పరీక్షల దగ్గర 16 కేబీ వాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. పోస్ట్‌గ్రెస్ రిగ్రెషన్ పరీక్షల ఆశించిన ఫలితాలు 8 కేబీ బ్లాకు లెక్కతో రాసినవి. బ్లాకు మారితే పేజీల సంఖ్య మారుతుంది, దాంతో క్వెరీని ఎలా నడపాలో తేల్చే ప్లానర్ ఎంచుకునే దారి మారుతుంది, అంతా సవ్యంగా ఉన్నా కొన్ని పరీక్షలు ఫెయిల్ అంటాయి. అందుకని రెండుసార్లు చెయ్యండి. మొదట బ్లాక్‌సైజ్ ఆప్షన్ లేకుండా కట్టి ‘మేక్ చెక్’ నడపండి. అది పూర్తిగా పాస్ కావాలి. అయితే కంపైలర్, లైబ్రరీలు సరిగ్గా ఉన్నట్టే. తర్వాత ‘మేక్ డిస్ట్‌క్లీన్’ కొట్టి 16తో కట్టి మళ్లీ నడపండి. ఫెయిలైనవి ఉంటే సోర్స్‌లోని టెస్ట్, రిగ్రెస్ ఫోల్డర్‌లో ‘రిగ్రెషన్.డిఫ్స్’ తెరిచి వరస వరస చదవండి. ఎక్స్‌ప్లెయిన్ అవుట్‌పుట్‌లో స్కాన్ రకం మారడం, పేజీల అంకె మారడం, ఆర్డర్ బై లేని చోట వరసల క్రమం మారడం వరకు పర్వాలేదు. లెక్కల మొత్తాల్లో తేడా రావడం, వరస తప్పిపోవడం, సర్వర్ కనెక్షన్ తెగిపోవడం కనబడితే ఆ బైనరీని ఫ్యాక్టరీకి తీసుకెళ్లకండి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ మీ తరఫున దీన్ని ఇంకెవరూ చేసి ఉండరు. 8 కేబీ పోస్ట్‌గ్రెస్‌ను ప్రపంచమంతా రోజూ వాడి చూస్తోంది. 16 కేబీకి మాత్రం మీరే కాపలా.

స్పెక్ ఫైలు

‘ఆర్‌పీఎం డెవ్ సెటప్ ట్రీ’ కమాండ్ బిల్డర్ హోమ్‌లో కావలసిన ఫోల్డర్లన్నీ తయారుచేస్తుంది. టార్‌బాల్, మీ యూనిట్ ఫైలు సోర్సెస్‌లోకి, స్పెక్ ఫైలు స్పెక్స్‌లోకి వెళ్తాయి.

ప్యాకేజీ పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-సర్వర్ అనో, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్17 అనో మాత్రం పెట్టొద్దు. రేపు ఎవరైనా రాకీ లేదా పీజీడీజీ రిపోజిటరీ ఉన్న పెన్‌డ్రైవ్ తగిలించి ‘డీఎన్‌ఎఫ్ అప్‌డేట్’ కొడితే, అదే పేరుతో ఉన్న కొత్త 8 కేబీ ప్యాకేజీ మీదాని మీద కూర్చుంటుంది. మర్నాడు పొద్దున డేటాబేస్ లేవదు. ‘ఫ్యాక్టరీ-పీజీ17-16కె’ లాంటి సొంత పేరు పెట్టండి. వెర్షన్ పోస్ట్‌గ్రెస్‌ది. రిలీజ్ అంకె మీది, ఆప్షన్ మారినా యూనిట్ ఫైలు మారినా దాన్ని ఒకటి పెంచాలి.

పేరు మార్చినంత మాత్రాన గుర్తింపు పూర్తిగా వేరు కాదు. ఆర్‌పీఎం మీ ఫోల్డర్‌లోని లిబ్‌పీక్యూను చూసి, ‘ఈ ప్యాకేజీ లిబ్‌పీక్యూ.ఎస్‌ఓ.5 ఇస్తుంది’ అని తనంతట తనే రాసుకుంటుంది. తర్వాత లిబ్‌పీక్యూ కావాల్సిన వేరే ప్యాకేజీ ఏదైనా వేస్తే, అది ఇప్పటికే ఉందని డీఎన్‌ఎఫ్ ఊరుకుంటుంది. ఆ ప్రోగ్రామ్‌కు మాత్రం ఆప్ట్ కింద ఉన్న ఫైలు కనబడదు. స్పెక్ పైభాగంలో ‘ప్రొవైడ్స్ ఎక్స్‌క్లూడ్’ మ్యాక్రోతో లిబ్‌పీక్యూను తప్పించండి. దాంతో పాటే ‘రిక్వైర్స్ ఎక్స్‌క్లూడ్’తోనూ తప్పించాలి. రెండు మ్యాక్రోలకూ ముందు రెండు అండర్‌స్కోర్లు. మొదటిది ఒక్కటే చేస్తే, మీ ప్యాకేజీ తనకు కావలసిన లిబ్‌పీక్యూ ఎక్కడా లేదని బయట వెతుక్కుంటుంది.

బిల్డ్ భాగంలో ‘పర్సెంట్ కాన్ఫిగర్’ మ్యాక్రో వాడకండి. అది ప్రిఫిక్స్‌ను యూఎస్‌ఆర్ అని, లైబ్రరీ ఫోల్డర్‌ను లిబ్64 అని పెట్టేస్తుంది. మామూలు కాన్ఫిగర్‌నే పిలిచి, సీఫ్లాగ్స్‌కు ఆర్‌పీఎం ‘ఆప్ట్‌ఫ్లాగ్స్’ విలువ ఇవ్వండి. అందులో డీబగ్ సమాచారం కూడా ఉంటుంది. ఆర్‌పీఎం దాన్ని విడదీసి డీబగ్‌ఇన్ఫో ప్యాకేజీ చేస్తుంది. దాన్ని ఫ్యాక్టరీలో వెయ్యక్కర్లేదు కానీ పారెయ్యకండి. ఎప్పుడైనా సర్వర్ క్రాష్ అయితే కోర్ ఫైలును చదవడానికి సరిగ్గా ఆ బిల్డ్‌దే కావాలి.

ఇన్‌స్టాల్ భాగంలో ‘ఇన్‌స్టాల్-వరల్డ్-బిన్’కు డెస్ట్‌డిర్ ఇవ్వండి, దాని విలువ బిల్డ్‌రూట్, అంటే ప్యాకేజీ కట్టేందుకు వాడే తాత్కాలిక ఫోల్డర్. కొందరు డెస్ట్‌డిర్ వదిలేసి ప్రిఫిక్స్‌లోనే బిల్డ్‌రూట్ దారి కలిపేస్తారు. అలా చేస్తే బిల్డ్ మెషీన్‌లోని తాత్కాలిక దారి బైనరీల్లోకి ఎక్కుతుంది, ఆర్‌పీఎం అది పట్టుకుని బిల్డ్ ఆపేస్తుంది. ఆపడం మీ మంచికే. ఫైల్స్ భాగంలో ఆప్ట్ కింది మీ ఫోల్డర్‌కు ఒక వరస, యూనిట్ ఫైలుకు ఒక వరస చాలు. ‘ఇన్‌స్టాల్డ్ బట్ అన్‌ప్యాకేజ్డ్’ అని వస్తే మీరు పెట్టిన ఫైలేదో ఈ జాబితాలో లేదని అర్థం. చెక్ భాగంలో మేక్ చెక్ పెట్టొచ్చు, కానీ పైన చెప్పిన కారణంగా ఫెయిలైతే బిల్డ్ ఆగకుండా డిఫ్స్ ఫైలు దాచేలా రాసుకోండి.

ప్యాకేజీ వేసేటప్పుడు నడిచే స్క్రిప్టులు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. పోస్ట్‌గ్రెస్ యూజర్ లేకపోతే ‘యూజర్‌యాడ్’కు ఆర్ ఆప్షన్ ఇచ్చి సిస్టమ్ యూజర్‌గా సృష్టించడం ఒక్కటి ఉండాలి. మామూలు యూజర్‌గా చేస్తే, ఆ యూజర్ లాగవుట్ అయినప్పుడు సిస్టమ్‌డీలోని ‘రిమూవ్ ఐపీసీ’ అమరిక అతని షేర్డ్ మెమరీని ఊడ్చేస్తుంది. నడుస్తున్న డేటాబేస్ కాళ్లకింద నేల లాగినట్టవుతుంది. కొన్ని డిస్ట్రిబ్యూషన్లు దాన్ని ఆపి ఉంచుతాయి కానీ దాని మీద భారం వెయ్యకండి. బాలానగర్‌లో ఆ యూజర్ ఐడీ అంకె 1000 గానీ అంతకన్నా పైన గానీ ఉందేమో చూసుకోండి. ఇనిట్‌డీబీని స్క్రిప్టులో పెట్టొద్దు. అప్‌డేట్ పడగానే రీస్టార్ట్ అయ్యే మ్యాక్రో కూడా వద్దు, షిఫ్టు నడుస్తుండగా బిల్లింగ్ ఆగుతుంది. అలాగని రీస్టార్ట్ చేయకుండా రోజులు గడపకూడదు. పాత సర్వర్ మెమరీలో ఉండి, కొత్త కనెక్షన్లు డిస్క్ మీది కొత్త ఎక్స్‌టెన్షన్ ఫైళ్లను లోడ్ చేసుకోవడం మొదలవుతుంది. షిఫ్టు మారే వేళ చూసుకుని ఆ రోజే రీస్టార్ట్ చెయ్యండి.

యూనిట్ ఫైల్లో టైప్ నోటిఫై, కిల్‌సిగ్నల్ సిగ్‌ఇంట్, కిల్‌మోడ్ మిక్స్‌డ్, టైమ్‌అవుట్‌సెక్ ఇన్ఫినిటీ. సిగ్‌ఇంట్ ఎందుకంటే, సిగ్‌టర్మ్ పంపితే పోస్ట్‌గ్రెస్ క్లయింట్లందరూ వెళ్లేదాకా కూర్చుంటుంది. ఇన్ఫినిటీ ఎందుకంటే, కరెంటు పోయి వచ్చాక రికవరీకి ఒక్కోసారి 90 సెకన్ల కన్నా ఎక్కువ పట్టొచ్చు. అది మధ్యలో ఉండగా సిస్టమ్‌డీ చంపేస్తే మళ్లీ మొదటి నుంచి మొదలు. ఇంకొకటి: సోర్స్ నుంచి కట్టిన పోస్ట్‌గ్రెస్ సాకెట్‌ను (క్లయింట్లు కనెక్ట్ అయ్యే ఫైలును) టెంప్ ఫోల్డర్‌లో పెడుతుంది, రాకీ ప్యాకేజీల క్లయింట్లేమో రన్ కింద పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఫోల్డర్‌లో వెతుకుతాయి. ‘రన్‌టైమ్ డైరెక్టరీ’కి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని ఇచ్చి, కాన్ఫిగ్‌లో సాకెట్ డైరెక్టరీలుగా రెండూ రాస్తే రెండు వైపులా దొరుకుతుంది. యూనిట్ ఫైల్లో ప్రైవేట్‌టెంప్ ఆన్ చేస్తే టెంప్‌లోని సాకెట్ ఎవరికీ కనబడదు.

ఇక ‘ఆర్‌పీఎంబిల్డ్’కు బీఏ ఆప్షన్ ఇచ్చి కట్టండి. సోర్స్ ఆర్‌పీఎం కూడా వస్తుంది, దాన్ని భద్రంగా దాచండి. మరుసటి చిన్న వెర్షన్‌కు టార్‌బాల్, వెర్షన్ అంకె మార్చి మళ్లీ నడిపితే చాలు.

బాలానగర్‌లో మార్చే రోజు

ఇక్కడ తొందరపడితే డేటా పోతుంది. మాన్యువల్‌లోని చిన్న పద్ధతి చూసి ఇన్‌స్టాల్ చేసినవాళ్లకు డేటా ఫోల్డర్ ఉండేది యూఎస్‌ఆర్, లోకల్, పీజీఎస్‌క్యూఎల్ కిందే, ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోపలే. ‘పాత ఇన్‌స్టాలేషన్ తీసేద్దాం’ అని ఆ ఫోల్డర్‌ను చెరిపితే ఆరు నెలల స్టాకు లెక్కలు కూడా పోయినట్టే. పీఎస్‌క్యూఎల్‌లో ‘షో డేటా డైరెక్టరీ’ అని అడిగి, వచ్చిన దారి చూశాకే ఏదైనా ముట్టుకోండి.

ముందు సర్వర్ నడుస్తుండగానే పీజీ డంప్ఆల్‌తో బ్యాకప్ తీసి వేరే డిస్కులో పెట్టండి. సర్వర్ ఆపి ‘పీజీ కంట్రోల్‌డేటా’ నడపండి. క్లస్టర్ స్టేట్ దగ్గర ‘షట్ డౌన్’ అని, బ్లాక్ సైజ్ దగ్గర 16384 అని రావాలి. డేటా ఫోల్డర్‌ను వార్, లిబ్ కింద మీరు యూనిట్ ఫైల్లో రాసిన చోటికి మార్చండి. సొంతదారు పోస్ట్‌గ్రెస్ యూజర్, అనుమతులు 0700. 0750 కన్నా వదులుగా ఉంటే సర్వర్ లేవదు. రాకీ భద్రతా వ్యవస్థ ఎస్‌ఈలైనక్స్ పెట్టిన పాత లేబుల్ ఫోల్డర్‌తో పాటే వస్తుంది కాబట్టి ‘రీస్టోర్‌కాన్’ను ఆర్ ఆప్షన్‌తో నడపండి. ఇప్పుడు కొత్త ఆర్‌పీఎం వేసి స్టార్ట్ చెయ్యండి. 17 సిరీస్‌లో చిన్న వెర్షన్ మారితే డంప్ అక్కర్లేదు. పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ కావాలంటే షేర్డ్ ప్రీలోడ్ లైబ్రరీస్‌లో పేరు రాసి, రీస్టార్ట్ చేసి, ఆ తర్వాత క్రియేట్ ఎక్స్‌టెన్షన్ ఇవ్వాలి. పాత ప్రోగ్రామ్ ఫోల్డర్‌ను వారం ఆగి తీసెయ్యండి.

ఉబుంటు ల్యాప్‌టాప్ నుంచి డేటా ఫోల్డర్‌నే కాపీ చేసుకెళ్లే అలవాటు ఉంటే మానండి. అక్షర క్రమం జీలిబ్‌సీ నుంచి వస్తుంది. వెర్షన్ తేడా వల్ల క్రమం మారితే టెక్స్ట్ ఇండెక్సులు తప్పుతాయి, ఉన్న సరుకునే లేదంటాయి. ‘కొలేషన్ వెర్షన్ మిస్‌మ్యాచ్’ అనే హెచ్చరిక వస్తే ముందు రీఇండెక్స్ చెయ్యండి, ఆ తర్వాతే రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్ ఇవ్వండి. తిరగేసి చేస్తే హెచ్చరిక పోతుంది, తప్పు మాత్రం ఉండిపోతుంది.

16 నుంచి 8 కేబీకి దిగేటప్పుడు పీజీ డంప్, పీజీ రీస్టోర్ చాలు. అయితే ముందే వెతకాల్సినది ఒకటుంది. మామూలుగా వాడే బీట్రీ ఇండెక్స్‌లో ఒక్కో ఎంట్రీ పేజీలో దాదాపు మూడో వంతు మించకూడదు. 8 కేబీలో ఆ హద్దు 2704 బైట్లు, 16 కేబీలో దాదాపు రెట్టింపు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు. అంటే సుమారు 900 గుర్తులకే హద్దు వచ్చేయొచ్చు. సరుకు వివరణ తెలుగులో పొడుగ్గా రాసి, ఆ కాలమ్ మీద ఇండెక్స్ పెట్టి ఉంటే, బాలానగర్‌లో ఇన్నాళ్లూ నోరెత్తని ఆ ఇండెక్స్ రీస్టోర్ చివర్లో ‘ఇండెక్స్ రో సైజ్ ఎక్సీడ్స్’ అని ఆగొచ్చు. ఇండెక్స్ ఉన్న ప్రతి టెక్స్ట్ కాలమ్ మీద ‘ఆక్టెట్ లెంగ్త్’ (బైట్ల లెక్క) 2690 దాటిన వరసలు ఎన్నో ముందే లెక్కపెట్టండి. ఉంటే, సరిగ్గా సరిపోలే వెతుకులాటకు ఎండీ5 మీద ఇండెక్స్, మొదటి అక్షరాలతో వెతికే చోట ‘లెఫ్ట్’ ఫంక్షన్‌తో తీసిన తొలి 100 అక్షరాల మీద ఇండెక్స్ పెట్టి, క్వెరీలు కూడా దానికి తగ్గట్టు మార్చి, అప్పుడు డంప్ తియ్యండి.